బలమైన పొరుగు దేశం సైన్యంతో మీదికి వస్తే చిన్న దేశం ఏం చేయగలదు?

నిదానం (ప్రశ్న)

ఒక మిత్రుడితో చాలాకాలంగా సాగుతున్న వాదనను ఇక్కడి పెద్దల ముందు పెడుతున్నాను. బలంలో తనకు పదింతలో ఇరవయ్యింతలో ఉన్న పొరుగు దేశం సరిహద్దు దాటి వచ్చినప్పుడు చిన్న దేశం ఆయుధం పట్టడం వీరత్వమైతే కావచ్చు గాని రాజనీతి మాత్రం కాదని ఆయన అంటారు. అందుకు ఆయన చూపే లెక్క ఇది. 1940 ఏప్రిల్ 9 తెల్లవారుజామున జర్మనీ సైన్యం ప్రవేశించగా డెన్మార్క్ కొన్ని గంటల్లోనే పోరాటం ఆపేసింది. కోపెన్‌హాగెన్ చెక్కుచెదరలేదు, ప్రజలు బతికారు, 1945లో ఆ దేశం మళ్లీ తన కాళ్ల మీద తాను నిలబడింది. ఫిన్లాండ్ మాత్రం 1939లో సోవియట్ యూనియన్ అడిగిన కొద్దిపాటి భూమి ఇవ్వనని పట్టుబట్టి, 105 రోజులు యుద్ధం చేసి, పాతికవేల మంది సైనికులను పోగొట్టుకొని, చివరికి మొదట అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చుకుంది.

నేను ఎదిరించాలనే పక్షంవాణ్ణే. అయితే ఈ లెక్క ముందు నా దగ్గర ఆవేశం తప్ప జవాబు లేదు. అంతర్జాతీయ చట్టమూ ఐక్యరాజ్యసమితీ అటువంటి రోజున నిజంగా దేనికైనా అక్కరకు వస్తాయా అన్నది కూడా తెలిసినవారు చెప్పాలి. ఏ దేశం మంచిది, ఏ దేశం చెడ్డది అన్న తగవులోకి పోకుండా, చిన్న దేశపు కుర్చీలో కూర్చుని ఆలోచించి రాయవలసిందిగా మనవి.

పాతపటం

మీ మిత్రుడి లెక్కలో అంకెలు తప్పు కావు, పక్కన పెట్టి పోల్చిన దేశం తప్పు. ఫిన్లాండ్‌ను డెన్మార్క్‌తో కాదు, అదే శరదృతువులో అదే పొరుగు దేశం నుంచి అటువంటి కోరికలే విన్న ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియాలతో పోల్చాలి. ఆ మూడూ ఒప్పుకున్నాయి. 1939 సెప్టెంబరు 28న ఎస్టోనియా, అక్టోబరు మొదటి పక్షంలో మిగతా రెండూ పరస్పర సహాయ ఒప్పందాలపై సంతకాలు చేసి, తమ నేల మీద సోవియట్ స్థావరాలకు చోటిచ్చాయి. ఎస్టోనియాలో దిగిన సోవియట్ దళాల సంఖ్య పాతికవేలు. అది ఆ దేశపు సొంత సైన్యాన్ని మించిన సంఖ్య. ఎనిమిది నెలలు గడిచాక, 1940 జూన్‌లో తుది హెచ్చరికలు వచ్చేసరికి, ఎదిరించడానికి వాళ్లకు సరిహద్దు అంటూ మిగల్లేదు, ఎదుటివాడు అప్పటికే ఇంట్లో ఉన్నాడు. ఆగస్టు నాటికి మూడూ సోవియట్ యూనియన్‌లో కలిసిపోయాయి. ఎస్టోనియా అధ్యక్షుడు ప్యాట్స్‌ను జూలై చివరిలోనే కుటుంబంతో సహా రష్యాకు తరలించారు. మరుసటి ఏడాది జూన్‌లో ఒక్క ఎస్టోనియా నుంచే దాదాపు పదివేల మందిని రైలు పెట్టెల్లో తీసుకుపోయారు. తలవంచితే ప్రాణాలు దక్కుతాయన్న లెక్కలో ఈ పదివేల మందిని ఏ గడిలో వేస్తారో మీ మిత్రుణ్ణి అడగండి.

ఇక ఫిన్లాండ్ సంగతి. 1939 నవంబరు 30న దాడి మొదలైంది. మర్నాడే, సరిహద్దు పక్కన సోవియట్ సైన్యం పట్టుకున్న తెరియోకి అనే ఊళ్లో, మాస్కోలో ఉంటున్న ఫిన్నిష్ కమ్యూనిస్టు నాయకుడు కూసినెన్ ఆధ్వర్యంలో 'ఫిన్లాండ్ ప్రజా ప్రభుత్వం' వెలిసింది. డిసెంబరు 2న సోవియట్ యూనియన్ ఆ ప్రభుత్వంతో ఒప్పందం కూడా చేసుకుంది. అంటే తాను ఫిన్లాండ్‌తో యుద్ధం చేయడమే లేదని, అసలైన ఫిన్లాండ్‌తో స్నేహంగానే ఉన్నానని చెప్పుకోవడానికి వీలు కల్పించుకుంది. ఈ కథ మొత్తంలో నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునేది ఈ సంతకం. దురాక్రమణ చేసేవాడికి ఆ దేశం పేరు మీద 'మేమే రమ్మన్నాం' అని రాసిచ్చే ఒక స్థానిక చెయ్యి కావాలి. చిన్న దేశం ముందుగా కాపాడుకోవలసింది ఆ చెయ్యి దొరకని స్థితిని.

యుద్ధం జరిగిన తీరు కూడా కాస్త చెప్పాలి. రాటె రోడ్డు అని మంచుతో నిండిన అడవి మధ్య ఒకే ఒక సన్నని బాట ఉంది. ఆ బాట మీద సోవియట్ 44వ డివిజన్ లారీలు, ట్యాంకులు, గుర్రపు బండ్లు కిలోమీటర్ల పొడవున ఒకదాని వెనుక ఒకటి నిలిచిపోయాయి. మంచు మీద స్కీ చెక్కలపై జారుతూ చెట్ల చాటునుంచి వచ్చిన ఫిన్లాండ్ సైనికులు ఆ వరుసను ముక్కలు ముక్కలుగా తెగగొట్టి, ఒక్కొక్క ముక్కనూ విడిగా చుట్టుముట్టారు. ఇటువంటి ముక్కను వాళ్లు 'మొత్తి' అంటారు. అడవిలో నరికి పేర్చిన కట్టెల కుప్పకు వాళ్లు వాడే మాట అది. కదిలే వంటశాలలను వెతికి మరీ ముందు కొట్టేవారు. అంతటి చలిలో వేడి తిండి అందని సైన్యం ఎన్నాళ్లుంటుంది?

చివరికి ఫిన్లాండ్ ఓడిపోయిన మాట నిజమే. 1940 మార్చి సంధిలో దాదాపు పదో వంతు భూమి పోయింది. కాని ఆ సంధి కాగితం మీద అవతలి సంతకం ఎవరిదో చూడండి. కూసినెన్ ప్రభుత్వం అప్పటికే చడీచప్పుడు లేకుండా మాయమైంది. సోవియట్ యూనియన్ సంతకం చేయించుకున్నది తాను గుర్తించనన్న, రాజధాని హెల్సింకీలోని అసలు ప్రభుత్వం చేతనే. మీ మిత్రుడు పాతికవేల ప్రాణాలకు ఏమి వచ్చిందని అడిగితే, నా సమాధానం ఇదొక్కటే. ఆ ధర తక్కువని నేననను.

వాయిదా

చట్టం గురించి అడిగారు గనుక ఆ మేరకు రాస్తాను. నా వృత్తి అదే.

చట్టం ట్యాంకును ఆపదు. ఆ భ్రమ మొదటే వదులుకుంటే, అది చేసే పని ఏమిటో కనిపిస్తుంది. మౌనం అర్ధాంగీకారమని మనం ఊరికే అనుకునే మాట అంతర్జాతీయ చట్టంలో అక్షరాలా నిజం. ఎవరూ కాదనని ఆక్రమణ కొన్నేళ్లకు సరిహద్దుగా మారిపోవచ్చు. అందుచేత మొదటి గంటల్లో చిన్న దేశం చేయవలసిన పనుల్లో ఒకటి, చూడ్డానికి ఎంత పేలవంగా ఉన్నా, ఒక ఉత్తరం రాయడం. ఐక్యరాజ్యసమితి చార్టర్‌లోని 51వ అధికరణం ప్రకారం ఆత్మరక్షణకు దిగిన దేశం ఆ సంగతి వెంటనే భద్రతా మండలికి తెలియజేయాలి. ఆ తరువాత సాయానికి వచ్చే దేశాలు నిలబడేది కూడా ఆ అధికరణంలోని సామూహిక ఆత్మరక్షణ హక్కు మీదనే.

ఇరాక్ 1990 ఆగస్టు 2న కువైట్‌ను ఆక్రమించినప్పుడు అదే రోజు భద్రతా మండలి 660వ తీర్మానం చేసింది. ఇరాక్ కూడా రెండు రోజుల్లోనే అక్కడ ఒక 'తాత్కాలిక ప్రభుత్వాన్ని' నిలబెట్టింది. పాతపటం గారు చెప్పిన స్థానిక చెయ్యి ఇదే. కాని కువైట్ అమీరు సౌదీ అరేబియాకు చేరి అక్కడినుంచి ప్రభుత్వాన్ని నడిపాడు గనుక ఆ బొమ్మ కొలువును ప్రపంచం పట్టించుకోలేదు. చమురు లేకపోతే ఇంతమంది వచ్చేవారా అని అడుగుతారు. రాకపోయేవారేమో. ఉక్రెయిన్ విషయంలో 2022 ఫిబ్రవరి 25న భద్రతా మండలి తీర్మానాన్ని రష్యా తన వీటోతోనే ఆపేసింది. దావా వేయబడ్డవాడే న్యాయమూర్తి కుర్చీలో కూర్చున్నట్టు. మార్చి 2న సర్వప్రతినిధి సభలో 141 దేశాలు రష్యా ఉపసంహరించుకోవాలన్నాయి, 5 దేశాలు కాదన్నాయి, 35 తటస్థంగా ఉన్నాయి. ఆ ఓటుతో ఒక్క సైనికుడు కూడా వెనక్కి పోలేదు. అయితే తరువాత విధించిన ఆంక్షలకూ పంపిన ఆయుధాలకూ ఆ సంఖ్య ఒక పునాది అయింది.

బలవంతులంటే ఒకే వైపున్నవారని ఎవరైనా అనుకుంటారేమోనని ఇంకొకటి. 1986 జూన్ 27న అంతర్జాతీయ న్యాయస్థానం నికరాగువా దావాలో అమెరికాకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. రేవుల్లో మందుపాతరలు పెట్టడం, తిరుగుబాటు దళాలకు శిక్షణనూ ఆయుధాలనూ ఇవ్వడం చట్టవిరుద్ధమంది. అమెరికా తీర్పును ఖాతరు చేయలేదు. అయినా నేటికీ చిన్న దేశాల న్యాయవాదులు బలప్రయోగం గురించి వాదించేటప్పుడు ముందు తెరిచేది ఆ తీర్పునే.

దీర్ఘకాలిక ఫలితానికి పైన చెప్పిన ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా అనే బాల్టిక్ దేశాలనే తీసుకోండి. 1940 జూలై 23న అమెరికా ఆ విలీనాన్ని గుర్తించబోమని ప్రకటించి, యాభై ఏళ్లకు పైగా ఆ మాట మీదే ఉంది. భూమి మీద దేశమే లేకపోయినా న్యూయార్క్‌లో ఎస్టోనియా కాన్సులేటు పనిచేస్తూనే ఉంది, పాస్‌పోర్టులు ఇస్తూనే ఉంది. 1991లో ఎస్టోనియా తాను కొత్తగా పుట్టలేదనీ, 1918 నాటి దేశమే కొనసాగుతోందనీ అనగలిగిందంటే ఆ దస్త్రాలు మూతపడకపోవడం కూడా ఒక కారణం.

ఒక హెచ్చరికతో ముగిస్తాను. 1994 డిసెంబరు 5 నాటి బుడాపెస్ట్ ఒప్పందంలో ఉక్రెయిన్ అణ్వాయుధాలను వదులుకున్నందుకు ప్రతిగా వచ్చినవి సరిహద్దులను గౌరవిస్తామన్న భరోసాలు మాత్రమే. దాడి జరిగితే మా సైన్యం వస్తుందన్న హామీ అందులో ఎక్కడా లేదు. కాగితం రాసే రోజున ఆ రెండు మాటలకూ మధ్య తేడాను ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

రెల్లుగడ్డి

ఎదిరించమని దూరాన కూర్చుని రాయడం సులువైన పని కాబట్టి రెండో వైపు కూడా ఒకరు మాట్లాడాలి. నా పేరు చూసి నేనెటువైపో గ్రహించే ఉంటారు.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో పన్నెండో అధికరణం మొత్తం బలహీనుడైన రాజు కోసమే రాసింది. అందులో భారద్వాజుడి మతాన్ని ముందు చెబుతాడు: బలవంతుడు మీదికి వస్తే అంతటా రెల్లులాగా వంగాలి. తరువాత విశాలాక్షుడి మతం: ఉన్న బలమంతా ఒడ్డి పోరాడాలి. కౌటిల్యుడు రెంటినీ కాదంటాడు. అన్నిచోట్లా వంగేవాడు మంద నుంచి తప్పిన పొట్టేలులాగా ఆశ లేని బతుకు బతుకుతాడనీ, చిన్న సైన్యంతో పోరాడేవాడు తెప్ప లేకుండా సముద్రంలో దిగినట్టు మునుగుతాడనీ అంటాడు. కనుక ఆయన నా పక్షం కాడు, ఒప్పుకుంటున్నాను. కాని ఆ వెంటనే చెప్పినది మాత్రం నాకు అక్కరకొస్తుంది. దండెత్తి వచ్చేవాడు మూడు రకాలు. ధర్మవిజయి లోబడితే చాలంటాడు, లోభవిజయి భూమీ ధనమూ పుచ్చుకుని ఆగుతాడు, అసురవిజయికి ప్రాణాలు కూడా కావాలి. వచ్చినవాడు ఏ రకమో తేల్చకుండా ఎదిరించాలా వంగాలా అని అడగడం రోగం తెలియకుండా మందు అడగడమే.

డెన్మార్క్ వంగింది గనుక దాని పాలనా యంత్రాంగం కొంతకాలం దాని చేతుల్లోనే మిగిలింది. 1943 అక్టోబరులో యూదులను పట్టుకుపోవడానికి జర్మన్లు సిద్ధమైనప్పుడు, ఏడువేల మందికి పైగా యూదులను చేపల పడవల్లో జలసంధి దాటించి స్వీడన్ చేర్చగలిగారంటే, నలిగిపోని సమాజం ఒకటి అక్కడ ఉండబట్టే. ఇందులో స్వీడన్ దగ్గరగా ఉండటం పెద్ద అదృష్టమని కూడా చెప్పాలి.

ఆయుధం పట్టకుండా ఎదిరించే దారి కూడా ఉంది. 1968 ఆగస్టు 20 రాత్రి చెకోస్లొవేకియాలోకి సోవియట్ నాయకత్వంలోని వార్సా కూటమి సైన్యాలు వచ్చినప్పుడు అక్కడి సైన్యం తూటా పేల్చలేదు. జనం మాత్రం ఒక్క రాత్రిలో దారి చూపే బోర్డులు పీకేశారు, ఊళ్ల పేర్ల మీద రంగు పూశారు, కొన్నిచోట్ల మాస్కో దిక్కు చూపే బాణాలు మాత్రం ఉంచారు. ఎన్నో ఊళ్లు తమ పేరు, అప్పటి దేశ నాయకుడి పేరు మీద, దుబ్చెక్ అని రాసి పెట్టుకున్నాయి. చేతిలో పటమున్న సైన్యాధికారి ఎక్కడున్నాడో తెలియక నాలుగు రోడ్ల కూడలిలో నిలబడిపోయేవాడు. రహస్య రేడియోలు చోటు మారుస్తూ మోగుతూనే ఉన్నాయి. అనుకున్న కొత్త ప్రభుత్వానికి మనుషులను కూడగట్టలేక, బంధించి తీసుకుపోయిన పాత నాయకులతోనే మాస్కో బేరమాడవలసి వచ్చింది.

పాతపటం

రెల్లుగడ్డి గారు చెప్పిన ఈ చివరి ఉదాహరణే నా మాటకు సాక్ష్యమని సవినయంగా మనవి చేస్తున్నాను. వీధిలో ఓడని ఆ దేశం మాస్కోలో సంతకాల బల్ల దగ్గర ఓడింది. ఆగస్టు 26న ఆ నాయకులంతా సైన్యాల ఉనికికి ఒప్పుకుంటూ సంతకం చేశారు. ఒక్క క్రీగెల్ అనే ఆయన మాత్రం చేయనన్నాడు. తీసుకుపోయినవాళ్లందరూ ఆయనలాగే చేసి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు గాని, ఎనిమిది నెలల్లో దుబ్చెక్‌ను దించేసిన క్రమం అంత సాఫీగా మాత్రం సాగేది కాదు.

డెన్మార్క్ విషయంలో ఒకటి ఒప్పుకోవాలి. చదునైన నేల, జర్మనీతో భూసరిహద్దు, దాక్కోవడానికి కొండ లేదు, అడవి లేదు. భౌగోళికమే సగం నిర్ణయం చేసింది. అదే రోజున దాడికి గురైన నార్వేకు కొండలూ పొడవైన సముద్రపు పాయలూ ఉన్నాయి. ఓస్లోకు పోయే పాయ సన్నబడే చోట ఓస్కార్స్‌బోర్గ్ అని ఒక పాత కోట. అక్కడి ఫిరంగులు 1890ల నాటివి, సిబ్బందిలో చాలామంది అప్పుడప్పుడే చేరిన కుర్రవాళ్లు. కోట అధిపతి ఎరిక్సెన్ పదవీ విరమణకు దగ్గరపడిన మనిషి. పైనుంచి స్పష్టమైన ఆజ్ఞ ఏదీ లేదు, చీకట్లో వస్తున్న ఓడ ఎవరిదో కూడా రూఢిగా తెలియదు. ఆయన కాల్చమన్నాడు. పెద్ద ఫిరంగులు రెండు ఒక్కొక్క గుండు మాత్రమే పేల్చాయి, ఆ వెనుక నలభై ఏళ్ల నాటి టార్పెడోలు నీటిలోకి జారాయి. 'బ్లూషర్' అనే సరికొత్త యుద్ధనౌక రెండు మూడు గంటల్లో మునిగింది. ఓస్లో పాలనను చేతిలోకి తీసుకోవలసిన అధికారులు అందులోనే ఉన్నారు.

ఆ కోట దేశాన్ని కాపాడలేదు, ఆ రోజే ఓస్లో పడిపోయింది. దొరికింది కొన్ని గంటల వ్యవధి మాత్రమే. ఆ వ్యవధిలో రాజు హాకన్, మంత్రులు, పార్లమెంటు సభ్యులు రైలెక్కి ఉత్తరానికి పోయారు, కేంద్ర బ్యాంకులోని దాదాపు 50 టన్నుల బంగారం లారీలకెక్కింది. ఆ రాత్రి ఎల్వెరుమ్‌లో పార్లమెంటు తన అధికారాలను ప్రభుత్వానికి అప్పగించింది, దేశం విడిచి వెళ్లవలసి వచ్చినా చెల్లేటట్టుగా. మర్నాడు జర్మన్ రాయబారి వచ్చి, రేడియోలో తనకు తానే ప్రధానినని ప్రకటించుకున్న నార్వే నాజీ నాయకుడు క్విస్లింగ్‌ను నియమించమని అడిగితే, రాజు తన మంత్రులతో, మీరు ఒప్పుకుంటే నేను సింహాసనం వదులుకుంటానన్నాడు. వాళ్లు ఒప్పుకోలేదు. ఆ మరుసటి రోజున ఎల్వెరుమ్ మీద బాంబులు పడ్డాయి. 2022 ఫిబ్రవరి 25 రాత్రి కీవ్ వీధిలో నిలబడి ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ, ఆయన సహచరులు తామంతా ఇక్కడే ఉన్నామని చెప్పిన ఆ చిన్న వీడియో చేసిన పని కూడా ఇదే. ఒకరు దేశంలో ఉండి, ఒకరు దేశం విడిచి, తమ తరఫున ఇంకెవరూ మాట్లాడకుండా చూసుకున్నారు.

ఏటిఒడ్డు

అందరూ యుద్ధం మొదలైన రోజు గురించే రాస్తున్నారు. యుద్ధం ముగిశాక కూడా ఆ పొరుగు దేశం అక్కడే ఉంటుంది, కొండలు కదలవు కదా. అందుకే నాకు ఎప్పుడూ వియత్నామే గుర్తొస్తుంది. 1288లో బాక్ దాంగ్ నదిలో ఇనుప మొనలు తొడిగిన కొయ్య మేకులు పాతి, పోటు సమయంలో మంగోలుల ఓడలను లోపలికి రానిచ్చి, పాటుకు నీరు తీయగానే అవి గుచ్చుకొని ఆగిపోయేటట్టు చేసిన కథ చాలామందికి తెలుసు. అంతకన్నా నాకు గొప్పగా తోచేది 1427 నాటి సంగతి. పదేళ్ల పోరాటంలో మింగ్ చైనా సైన్యాన్ని చిత్తుగా ఓడించిన వియత్నాం నాయకుడు లే లోయ్, లొంగిపోయినవారిని నరికించలేదు; ఓడలూ గుర్రాలూ దారి బత్తెమూ ఇచ్చి ఇంటికి పంపాడు. ఆ తరువాత చైనా చక్రవర్తికి కానుకలు పంపి, లాంఛనంగా సామంతుడి హోదాకు కూడా తలవూపాడు. గెలిచినవాడు అంత తగ్గాలా అనిపిస్తుంది. కాని పగ తీర్చుకోవడానికి మళ్లీ రావలసిన అవసరం చైనాకు లేకుండా చేయడమే ఆయన ఎత్తు.

1979లో చైనా మళ్లీ దండెత్తి నెల్లాళ్లలో వెనుదిరిగినప్పుడు కూడా కథ అక్కడితో ముగియలేదు. సరిహద్దు కాల్పులు ఏళ్ల తరబడి సాగాయి, సంబంధాలు 1991లో గాని కుదుటపడలేదు, భూసరిహద్దు ఒప్పందం 1999లో గాని రాలేదు. ఎదిరించడానికి ఎంత తయారీ కావాలో, అవతలివాడికి మర్యాదగా వెనక్కి పోయే దారి అమర్చడానికీ అంతే కావాలని నా అభిప్రాయం. రెల్లుగడ్డి గారి మూడు రకాల విజేతల్లో ఎవరైనా కొంతకాలానికి రకం మారవచ్చు కూడా.

నిదానం

అందరికీ కృతజ్ఞతలు. మా మిత్రుడికి ఇదంతా చదివి వినిపించాను. బాల్టిక్ దేశాలతో పోల్చాలన్న మాటకు ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత అడిగింది ఒక్కటే: సంతకం ఎవరిదైతేనేమి, పోయిన ఆ పదో వంతు నేల మీద బతికిన మనుషుల మాటేమిటి? ఈ నిర్ణయం చేసిన నగరవాసుల ఇళ్లు నిలిచాయి, ఇళ్లు పోయింది సరిహద్దువాళ్లకే కదా?

పాతపటం

సరైన ప్రశ్నే అడిగారు. ఇప్పటికీ సరిహద్దు పల్లెలే ముందు మూల్యం చెల్లిస్తాయి. 2022లో కీవ్‌కు ఉత్తరాన ఇర్పిన్ నది మీది ఆనకట్టను ఉక్రెయిన్ తానే తెరిచి దాడిని ఆపినప్పుడు దెమిదివ్ అనే ఊరి ఇళ్లలోకి, పెరళ్లలోకి నెలల తరబడి నీరు నిలిచింది.

ఫిన్లాండ్‌లో, ఆ సంధిలో పోయిన కరేలియా ప్రాంతం నుంచి నాలుగు లక్షల మందికి పైగా, అంటే దేశ జనాభాలో పదో వంతుకు మించి, బండికి పట్టినంత సామానుతో లేచి వచ్చారు. 1941లో ఆ దేశం జర్మనీ పక్కన చేరి మళ్లీ యుద్ధానికి దిగినప్పుడు వారిలో చాలామంది తిరిగి వెళ్లి ఇళ్లు కట్టుకున్నారు, 1944లో రెండోసారి వదిలి వచ్చారు. ఆ రెండో యుద్ధపు నిర్ణయాన్ని నేను సమర్థించను. దాని మూల్యంగా సోవియట్ యూనియన్‌కు 30 కోట్ల డాలర్ల విలువైన సామగ్రిని 1952 దాకా కట్టవలసి వచ్చింది. అయితే నిర్వాసితులను శిబిరాల్లో ఉంచేయలేదు. 1945లో చేసిన భూసేకరణ చట్టంతో ప్రభుత్వం నుంచీ సంస్థల నుంచీ పెద్ద రైతుల నుంచీ భూమి తీసుకుని వారికి పంచారు, ఆస్తిపరులందరి మీదా ప్రత్యేక పన్ను వేశారు. తన పొలంలో కొంత భాగాన్ని కొలిచి ముక్కు మొహం తెలియని కుటుంబానికి అప్పగించిన రైతులు సంతోషంగా ఇచ్చి ఉంటారని నేననుకోను. కొలతలు వేసే మనిషి గొలుసుతో వచ్చి పొలం గట్టున నిలబడినప్పుడు, ఆ రైతు తన భూమికి ఎక్కడో మూడు నాలుగు వందల కిలోమీటర్ల దూరాన గీత మారిందని తెలుసుకున్నాడు.